మాల్దీవులా, అండమానా? డైవింగ్ పడవ మాట్లాడుకునే ముందు విజయవాడ, గుంటూరు వాళ్లు అడిగే ప్రశ్నలు

ఎనిమిది మందో పది మందో కలిసి, వారం రోజులు పడవ మీదే తిని పడుకుని డైవింగ్ చేయాలనుకునే వాళ్ల కోసం రాసినవి ఇవి. రిసార్టులో హనీమూన్ ప్యాకేజీ వేరే లెక్క, దాని జోలికి ఇక్కడ పోలేదు.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి, ఎక్కడికి వెళ్లాలి?

మీలో అందరికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషి లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) తెరవండి. అందులో ముప్పై డైవ్‌లు కూడా లేకపోతే అండమాన్. అదీ పడవ కాదు, స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హేవ్‌లాక్) గది తీసుకుని రోజూ పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావడం. అందరికీ యాభై దాటి, అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ (మొదటి కోర్సు తర్వాతిది) కూడా ఉంటే మాల్దీవులు. బారెన్ ద్వీపంలోని అగ్నిపర్వతం చూడాలన్న పట్టుదల ఉంటే మాత్రం అండమాన్ పడవ.

ధర చూసి తేల్చుకునేవాళ్లే ఎక్కువ. తీరా అక్కడికి వెళ్లాక పది మందిలో ఇద్దరు నీటి లాగుడుకి భయపడి పై డెక్ మీద కూర్చుంటారు. వాళ్ల డబ్బులు ఎలాగూ పోయాయి. వాళ్లను కూడా దించాలని గైడు తేలిక చోట్లకే తీసుకెళ్తే మిగతా ఎనిమిది మందికీ అసలు సరుకు దక్కదు.

రెండు చోట్లా పడవ ఒకేలా ఉంటుందా?

ఉండదు. మాల్దీవుల్లో సఫారీ పడవల వ్యాపారం ఏళ్ల తరబడి నడుస్తోంది. పెద్ద పడవలో ఏసీ గదులు, భోజనాల హాలు ఉంటాయి. దాని వెంట ధోనీ అనే రెండో పడవ వస్తుంది. సిలిండర్లు, వాటిలో గాలి నింపే కంప్రెసర్, మీ సామాను అన్నీ దాని మీదే. డైవ్ చేసేది ధోనీ నుంచి, పడుకునేది పెద్ద పడవలో. కాబట్టి కంప్రెసర్ మోత మీ చెవిన పడదు, తడి సూట్ల వాసన గదిలోకి రాదు. మామూలుగా ఏడు రాత్రుల ట్రిప్, రోజుకు మూడు డైవ్‌లు, మొత్తం పదిహేడు పద్దెనిమిది.

అండమాన్‌లో ఇలాంటి పడవలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువగా ఆరుగురు ఎనిమిది మంది పట్టే తెరచాప యాట్లు. అన్నీ ఒకే డెక్ మీద సర్దుకోవాలి, డైవ్‌లు కూడా తక్కువే. ప్రశాంతత కావాలనుకునేవాళ్లకు అదే నచ్చుతుంది. డైవ్‌ల సంఖ్యే ముఖ్యమైతే అది సరిపోదు.

సంక్రాంతి, వేసవి, దసరా: ఏ సెలవులకు ఏది?

సంక్రాంతికి మాల్దీవులు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల కాలం. సముద్రం తూర్పు నుంచి పడమరకు పారుతుంది. తూర్పు వైపు కాలువల నోళ్ల దగ్గర నీళ్లు తేటగా ఉంటాయి, సొరచేపలు అక్కడికే చేరతాయి. ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) కొట్టుకుపోయి పడమర వైపు పోగవుతుంది, మాంటా రేలు (పెద్ద టేకు చేపలు) దాని వెంట అటు వెళ్తాయి. మే నుంచి నవంబరు దాకా ఇదంతా తిరగబడుతుంది. అందుకే 'తూర్పు రూటా, పడమర రూటా' అని అడగని ఏజెంటు దగ్గర పడవ మాట్లాడుకోకండి.

దసరాకి వెళ్తే బా అటాల్ అనే పగడపు వలయంలోని హనిఫారు బేలో మాంటాలు గుంపులుగా కనిపించే అవకాశం ఉంటుంది. అక్కడ స్కూబా (సిలిండర్‌తో దిగడం) నిషేధం, స్నార్కెల్ గొట్టంతో పైపైన తేలుతూ మాత్రమే చూడాలి. గైడు తప్పనిసరి, 45 నిమిషాలే ఇస్తారు. 2011 నుంచి బా అటాల్ యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతం. డైవింగ్ ఫొటో చూపించి 'హనిఫారులో దింపుతాం' అంటే అబద్ధం చెబుతున్నారన్నమాట.

అండమాన్‌కు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. మే రెండో వారం దాటిందంటే అక్కడ నైరుతి ముంచుకొస్తుంది, కాబట్టి సెలవులు ఇచ్చిన మొదటి వారంలోనే బయల్దేరాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల సంగతి మన కోస్తా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 'దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం' అని టీవీలో వినపడగానే మనం వరికోతల గురించి కంగారు పడతాం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ కూడా అటువైపు పుట్టిందే. ఆ అల్పపీడనం పుట్టే రోజుల్లో మీ యాట్ దాని పక్కనే ఉంటుంది. రేవు నుంచి కదలనివ్వరు.

మాల్దీవుల్లో కరెంట్ ఎక్కువంటారు. ఎంత?

బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు దిగువన నీళ్లు ఎలా దూకుతాయో తెలుసు కదా. అటాల్ అంటే గుండ్రటి పగడపు గోడ, లోపల మడుగు. ఆ గోడకు అక్కడక్కడా ఉన్న గండ్లను 'కందు' అంటారు. సముద్రపు నీరంతా ఆ గండ్ల గుండానే లోపలికి బయటికి పోవాలి. అందుకే అక్కడ లాగుడు. బందరు కాలువలో ఎదురీది అలవాటైన వాళ్లు కూడా ఇక్కడ ఎదురీదలేరు, ఈదాలని చూడకూడదు కూడా.

కందులో డైవ్ ఇలా సాగుతుంది. ధోనీ మీదే బీసీడీలో (గాలి నింపితే తేల్చే జాకెట్) గాలి పూర్తిగా తీసేస్తారు. కెమెరా పక్కవాళ్లకు ఇచ్చో క్లిప్పుకు తగిలించో, గైడు 'గో' అనగానే అందరూ ఒకేసారి దూకి తల కిందుగా దిగిపోవాలి. పైన పది సెకన్లు ఆగితే గండి దాటి మడుగులోకి కొట్టుకుపోతారు. మాస్కులోకి నీళ్లు వచ్చినా, చెవి పట్టేసినా ఆ పది సెకన్లు పోయినట్టే. గోడ అంచు దగ్గర చచ్చిన రాయికి (బతికున్న పగడానికి కాదు) రీఫ్ హుక్ (తాడు కట్టిన కొక్కెం) తగిలించి, బీసీడీలో కొంచెం గాలి నింపి, గాలిపటంలా నిలబడతారు. సొరచేపలు ఎదురుగా తిరుగుతుంటాయి. గైడు సైగ చేయగానే ముందు బీసీడీలో గాలి తీసి, ఆ తర్వాతే హుక్ విప్పాలి. వరస తప్పితే బెలూన్‌లా పైకి లేచిపోతారు. ఆపైన మడుగులోకి తేలుతూ వెళ్లి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, సిగ్నల్ ట్యూబు (దూరానికి కనిపించేలా గాలి నింపే గొట్టం) పైకి వదిలితే ధోనీ వచ్చి ఎత్తుకుంటుంది.

ట్యూబు వదలడం మాల్దీవులకు వెళ్లకముందే నేర్చుకోండి. ట్యూబు తాడున్న రీలు చేతికి చుట్టుకుని దానితో పాటే పైకి పోయిన వాళ్లు తక్కువేం కాదు.

మాకు ముప్పైకి యాభైకి మధ్య ఉన్నాయి. మరి?

గోడ మీద క్యాలెండర్ చూడండి. అమావాస్య, పౌర్ణమి వచ్చాక రెండు మూడు రోజులు పోటూ పాటూ బలంగా ఉంటాయి. అష్టమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు బాగా తగ్గుతాయి. అష్టమి మీ వారానికి నడుమ పడేలా తేదీలు పెట్టుకుంటే లాగుడు కొంత తేలిక. కొంతే, ఎందుకంటే రుతుపవనాల ప్రవాహం తిథులు చూసుకుని ఆగదు. సొరచేపలే కావాలనుకునేవాళ్లు దీనికి తిరగేసి పౌర్ణమి పక్క రోజులు వెతుక్కుంటారు.

గాలి ఎంతసేపు వస్తుంది?

మామూలు అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లు, 200 బార్ (బార్ అంటే పీడనపు కొలత, నీటి పైన గాలి పీడనం సుమారు 1 బార్). 50 బార్ మిగిల్చి పైకి రావాలి కాబట్టి వాడుకునేది 150 బార్, అంటే సుమారు 1,665 లీటర్ల గాలి. నిదానంగా ఉన్న మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చుకుంటాడనుకుందాం. 20 మీటర్ల లోతున పీడనం 3 బార్, అంటే నిమిషానికి 60 లీటర్లు, 27 నిమిషాలు వస్తుంది. అదే మనిషి 25 మీటర్ల దగ్గర లాగుడుకి ఎదురు కాళ్లు కొడుతూ రెట్టింపు పీలిస్తే 40 ఇంటూ 3.5, నిమిషానికి 140 లీటర్లు. 12 నిమిషాల్లో ఖాళీ. ఒకరి గాలి అయిపోతే ఆ జట్టంతా పైకి రావాలి. మొదటి ప్రశ్నలో తక్కువ అనుభవం ఉన్న మనిషి లాగ్‌బుక్ తెరవమన్నది ఇందుకే.

నైట్రాక్స్ తీసుకోవాలా?

నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి. మాల్దీవుల్లో అయితే తీసుకోండి. అక్కడ చట్టప్రకారం వినోద డైవింగ్‌కు 30 మీటర్లే హద్దు. పైకి వచ్చేటప్పుడు దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన పని పడకుండా ఆ లోతున మామూలు గాలితో సుమారు 20 నిమిషాలే ఉండగలరు, 32 శాతం నైట్రాక్స్‌తో దాదాపు 30. రోజుకు మూడు చొప్పున ఆరు రోజులు దిగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. 32 శాతానికి లోతు హద్దు 34 మీటర్లు. సిలిండర్‌లో శాతం ఎంతో మీరే ఎనలైజర్‌తో కొలిచి, చూసిందే డైవ్ కంప్యూటర్‌లో (లోతు, సమయం లెక్కపెట్టే చేతి పరికరం) పెట్టాలి. 'నిన్నటిదే కదా' అని వదిలేయొద్దు.

ఏమేం కనిపిస్తాయి?

మాల్దీవుల్లో పెద్దవి: గ్రే రీఫ్ సొరచేపలు, మాంటాలు, దక్షిణ అరి అటాల్‌లో ఏడాది పొడుగునా వేల్ షార్క్ అవకాశం. వావు అటాల్ అలిమథా దగ్గర రాత్రి డైవ్‌లో నర్స్ షార్కులు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. 2010లో అక్కడ సొరచేపల వేట నిషేధించారు, ఆ ఫలితం కళ్లకు కనిపిస్తుంది.

అండమాన్‌లో చేపల గుంపులు, మెత్తటి పగడాలు, తీరిక. డిక్సన్స్ పినాకిల్, జానీస్ గోర్జ్, జాక్సన్స్ బార్ మూడూ స్వరాజ్ ద్వీప్ నుంచి పడవ మీద వెళ్లి వచ్చేవే. వాటి కోసం యాట్ అక్కర్లేదు.

పగడాల రంగుల గురించి మాత్రం ఆశలు తగ్గించుకోండి. 1998లో మాల్దీవుల్లో, 2010లో అండమాన్‌లో సముద్రం వేడెక్కి లోతు తక్కువ చోట్ల పగడాలు తెల్లబడి చాలా పోయాయి, 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. కోలుకున్న చోట్లు ఉన్నాయి, కోలుకోనివీ ఉన్నాయి. పడవవాళ్లు చూపించే ఫొటో ఏ ఏడాదిదో అడగండి.

బారెన్ ద్వీపం అంత గొప్పదా?

దక్షిణాసియాలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. నల్లటి లావా గోడలు నేరుగా నీళ్లలోకి దిగిపోతాయి, మాంటాలు వస్తాయి. ఒడ్డున అడుగు పెట్టనివ్వరు, పడవ నుంచి చూడడం, చుట్టూ డైవ్ చేయడం అంతే. అనుమతులు ముందే తీసుకోవాలి, ఆ పని పడవ యజమానిది. కాగితం చూపించమని అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి.

అసలు చిక్కు దూరం. శ్రీ విజయపురం నుంచి (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్, మన విజయవాడతో చుట్టరికం ఏమీ లేదు) సుమారు 140 కిలోమీటర్లు. గంటకు 13 కిలోమీటర్లు నడిచే యాట్‌కి అది పది గంటల పైమాటే. అక్కడ ఎవరికైనా డికంప్రెషన్ జబ్బు (పైకి వచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) లక్షణాలు కనిపిస్తే దారి పొడుగునా ఆక్సిజన్ పెట్టాలి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున పది గంటలకు 9,000 లీటర్లు. 2,000 లీటర్లు పట్టే ఆక్సిజన్ సిలిండర్లు నాలుగున్నర కావాలి, అదీ ఒక్క మనిషికి. 'ఆక్సిజన్ ఉంది సార్' అంటే సరిపోదు, ఎన్ని లీటర్లు ఉందో అడగాలి. ఒక్క చిన్న సిలిండర్ చూపిస్తే బారెన్ సంగతి మర్చిపోండి. వెళ్లినా రోజుకు రెండు డైవ్‌లకు మించకుండా, కంప్యూటర్ ఇచ్చే హద్దుకు చాలా ఇవతలే ఉండాలి.

ఆ జబ్బుకు వైద్యం చేసే పీడన చికిత్స గది శ్రీ విజయపురంలో నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో ఉంది. మాల్దీవుల్లో బండోస్, కురమతి ద్వీపాల్లో ఉన్నాయి. బయల్దేరే వారం ముందు అది పని చేస్తోందో లేదో పడవవాళ్ల చేత ఫోన్ చేయించి కనుక్కోండి.

ఇక్కడి నుంచి ఎలా వెళ్లాలి?

అండమాన్‌కు చెన్నై మీదుగా తేలిక. విజయవాడ నుంచి చెన్నైకి రైలులో ఆరున్నర ఏడు గంటలు, గుంటూరు వాళ్లు తెనాలిలో ఎక్కవచ్చు. రాత్రి చెన్నైలో పడుకుని పొద్దున విమానం, రెండు గంటల పైచిలుకు. గన్నవరం నుంచి కలుపు విమానం పట్టుకోవచ్చు గానీ రెండు టిక్కెట్లూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. లేకపోతే మొదటిది ఆలస్యమైతే రెండోది మీ నెత్తినే. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, రెండు రోజుల పైన పడుతుంది, ఎప్పుడో ఒకసారి నడుస్తుంది. డైవింగ్ ట్రిప్‌కి దాన్ని నమ్ముకోవద్దు.

మాల్దీవులకు గన్నవరం నుంచి బెంగళూరో మరో పెద్ద ఊరో వెళ్లి అక్కడి నుంచి మాలే. వీసా దిగాక ఉచితంగా ఇస్తారు. ఐముగా అనే ఆన్‌లైన్ ఫారం ప్రయాణానికి 96 గంటల లోపు నింపాలి, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. అదీ ఉచితమే. దానికి డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

తిరుగు ప్రయాణానికి ఎంత తేడా ఉండాలి?

వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్లు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, 24 ఇంకా మంచిది. పొద్దున 11కి నీళ్లలోంచి బయటికి వస్తే మర్నాడు 11కి విమానం. మాల్దీవుల పడవలు దీన్ని ముందే లెక్కలో పెట్టుకుంటాయి. అండమాన్‌లో మాత్రం 'పొద్దున ఒక డైవ్ వేసి సాయంత్రం విమానం' అని టిక్కెట్లు తీసుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ డైవ్ వదులుకోవాల్సిందే.

మొత్తం ఖర్చు లెక్క ఎలా వేయాలి?

పడవవాళ్లు చెప్పే అంకె ఒకటి, చివర్లో కట్టేది ఇంకొకటి. మాల్దీవుల్లో 2025 జనవరి నుంచి గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు. ఏడు రాత్రులకు 84, పది మందికి 840 డాలర్లు. పర్యాటక జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం. చెప్పిన రేటులో ఈ రెండూ కలిశాయా? సామాను అద్దె, నైట్రాక్స్, విమానాశ్రయం నుంచి పడవకు రవాణా, సిబ్బందికి ఇచ్చే బక్షీసు? ఒక్కోటీ రాయించుకోండి. మన దగ్గర టూర్ కంపెనీ ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు. ఆ శాతం బడ్జెట్లలో మారుతుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు పాన్ కింద సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటికి చేతిలో ఉండాలి.

అండమాన్‌లో డాలర్ల గొడవ లేదు. అక్కడ రాయించుకోవాల్సింది వాతావరణం మాట: రేవు మూసేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా, లేక రేవులోనే కట్టేసిన యాట్‌లో కూర్చోబెడతారా? రెండు చోట్లా ఇంకో ప్రశ్న: కంప్రెసర్ ఒకటేనా, రెండా? ఒకటే ఉండి అది మూడో రోజు మొరాయిస్తే మిగతా నాలుగు రోజులు సముద్రం మీద చీట్లపేకే.

సామాను ఏం తీసుకెళ్లాలి?

మాస్కు, కంప్యూటర్, సిగ్నల్ ట్యూబు, రీలు సొంతవి ఉండాలి. మిగతావి అద్దెకు దొరుకుతాయి. రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి నోటికి గాలి అందించేది) తీసుకెళ్తే అది సిలిండర్‌కు బిగించే తీరులో యోక్ రకమా, డిన్ రకమా చూసుకోండి. చాలా సిలిండర్ వాల్వుల్లో మధ్యన ఒక బిళ్ల ఉంటుంది. 8 మిల్లీమీటర్ల అలెన్ కీతో అది విప్పితే డిన్ పడుతుంది, బిగిస్తే యోక్ పడుతుంది. ఆ కీ, నాలుగు ఓ-రింగులు, నోటి ముక్కకు రెండు జిప్ టైలు ఒక చిన్న డబ్బాలో పెట్టుకుంటే సగం రిపేర్లు అక్కడికక్కడే అయిపోతాయి. టార్చ్ లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి.

స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నవాళ్లు బరువుల లెక్క మార్చుకోవాలి. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే సుమారు రెండున్నర శాతం బరువు. సామానుతో కలిపి 90 కిలోలు తూగే మనిషికి పూల్‌లో కంటే రెండుంబావు కిలోల సీసం ఎక్కువ పడుతుంది. మొదటి డైవ్ చివర 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర బీసీడీ ఖాళీ చేసి కదలకుండా నిలబడగలిగితే లెక్క కుదిరినట్టే.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు రావచ్చా?

డైవింగ్ వైద్య ప్రశ్నావళిలో కొన్ని ప్రశ్నలకు 'అవును' వస్తే డాక్టర్ సంతకం కావాలి. సంతకం లేకుండా అక్కడికి పోయాక 'కాదు' అని టిక్కులు పెట్టి దిగేవాళ్లకు బీమా కూడా చెల్లదు. మామూలు ట్రావెల్ బీమాల్లో చాలావాటికి స్కూబా వర్తించదు, విడిగా డైవింగ్ బీమా తీసుకోండి. జలుబు ఉన్న రోజు దిగొద్దు. ముక్కు బిగుసుకుంటే మాత్ర వేసుకుని దిగేవాళ్లుంటారు, లోతున ఉండగా మాత్ర పనితనం అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోలేక నొప్పి మొదలవుతుంది. పడవ పడనివాళ్లు వాంతుల మాత్ర ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి. మగత వచ్చే రకమైతే డైవ్‌లకు పనికిరాదు.

మాస్కులోకి ఎప్పుడూ నీళ్లు వస్తాయి, మాస్కు మారిస్తే పోతుందా?

ముందు మీసం చూసుకోండి. ముక్కు కింద, మాస్కు అంచు ఆనే చోట రెండు మూడు మిల్లీమీటర్లు గీయించుకుంటే సగం కేసుల్లో ఆగిపోతుంది. మీసం ముట్టుకోనివ్వం అంటే నీళ్లు ఊదేయడం అలవాటు చేసుకోవాలి.

భోజనం? పచ్చళ్లు తీసుకెళ్లవచ్చా?

అన్నం, పప్పు, కూర రెండు చోట్లా దొరుకుతాయి. శాకాహారులు ఎంతమందో బుక్ చేసేటప్పుడే చెప్పండి, పడవ ఎక్కాక చెబితే వంటవాడి దగ్గర ఉండేది చేపలే. ఆవకాయ, గోంగూర పచ్చడి చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేస్తారు. నూనె పైకి తేలేవి రెండు కవర్లలో మూటకట్టి చెక్-ఇన్ సామానులో వేయండి. కందిపొడికి అయితే నూనె కారే బాధ లేదు.

మాల్దీవులకు మద్యం, పంది మాంసం తీసుకెళ్లనివ్వరు. పూజకు వాడే విగ్రహాలు కూడా నిషిద్ధాల జాబితాలో ఉన్నాయి. సంచిలో చిన్న వెంకన్న విగ్రహం పెట్టుకునే అలవాటున్న పెద్దవాళ్లు వస్తుంటే బయల్దేరే ముందే ఈ మాట చెప్పండి.

గుర్తుగా పగడం ముక్క, గవ్వ తెచ్చుకోవచ్చా?

వద్దు. ఒడ్డున చచ్చి పడున్న పగడమైనా సరే. అండమాన్‌లో అది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది, విమానాశ్రయం స్కానర్‌లో పట్టేస్తారు. మాల్దీవుల నుంచి కూడా పగడం బయటికి తీసుకెళ్లకూడదు.